లిండ్‌క్విస్ట్ గారికి ముందే తెలుసు

మా అమ్మాయి అమెరికాలోని డులూత్‌లో చేపల్లో చేరే పాదరసం మీద పరిశోధన చేస్తుంది, కాలేజీలో పాఠాలూ అవే చెబుతుంది. ఆ ఆదివారం నేను వేయించి పెట్టిన సరస్సు చేపను పక్కకు నెట్టేసింది.

“ఇప్పుడు నేనిది తినకూడదమ్మా.”

“ఏమైందే? ఒంట్లోకి విషం గానీ ఎక్కిందా?”

“విషం కాదు. నాకు మూడో నెల.”

“నా తల్లే! ఇంకెవరికి చెప్పావు?”

“నీ అల్లుడు కాక, లిండ్‌క్విస్ట్ గారికి. చెప్పి ఆరు వారాలైంది.”

“మీ ప్రొఫెసరమ్మకా! నిన్ను కన్నది ఆవిడా, నేనా?”

“ల్యాబులో నియమమమ్మా. కడుపుతో ఉంటే ముందు ల్యాబు పెద్దకు చెప్పాలి. పాదరసం పని నుంచి తప్పిస్తారు.”

“చదువుకి ఆవిడే, ఉద్యోగానికి ఆవిడే. కడుపులో బిడ్డకీ ఆవిడేనా? వినగానే ఏం చేసిందట?”

“నన్ను పట్టుకుని ఏడ్చేసింది.”

“అది కూడా నాకు మిగల్చలేదు! మరి చెప్పేలోగా ఎన్నాళ్ళు ముట్టుకున్నావు ఆ పాదరసాన్ని?”

“మూడు వారాలు, చేతులకు తొడుగులు వేసుకునే. రక్తపరీక్ష చేయించారు, ఏమీ లేదు. ఇదంతా నీకు చెబితే అన్నాళ్ళూ నిద్రపోయేదానివా?”

“పోయేదాన్ని కాదు. నీ గురించి నిద్ర మానుకునే పని కూడా ఆవిడకే ఇచ్చావా?”

“అమ్మా...”

“మీ అత్తగారికి తెలుసా?”

“మార్లిస్‌కా? ఇంకా లేదు. ఇంటికెళ్ళి ఫోన్ చేద్దామనుకున్నాం.”

“నువ్వు చెయ్యకు. నా ఫోన్ ఇలా ఇవ్వు, ఆవిడకు నేను చెబుతాను.”