పాలెం అన్న మాటకు రెండు కార్డులు

"ఈ సొరుగు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"మీ దగ్గరే సార్."

"ఇంకా?"

"నా దగ్గర ఇంకోటి ఉంది. మీరే ఇచ్చారు."

అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ. నిఘంటువు ఆఫీసులో పెద్ద సంపాదకుడు, ఆయన కింద కార్డులు రాసే అమ్మాయి మాత్రమే మిగిలారు. బల్ల మీద ఒకే మాటకు రెండు కార్డులున్నాయి, ఒకటి పాతది, ఒకటి కొత్తది.

"మరి 'పాలెం' కార్డు దానంతటదే మారిపోయిందా?"

"మారలేదు సార్. పాతది మీ ముందే ఉందిగా. దాని పక్కన ఇంకోటి పెట్టానంతే."

"పక్కన కాదు, పైన. నాది అడుక్కి తోశావు. చదువు, ఏం రాశావో."

"'పూర్వం సైన్యం గుడారాలు వేసుకుని దిగిన చోటు. వాళ్ళ వెంట వచ్చిన పనివాళ్ళు, కొట్లవాళ్ళు అక్కడే ఉండిపోవడంతో, చిన్న ఊరు అని అర్థం వచ్చింది.'"

"సరే. ఇప్పుడు నాది చదువు."

"'పని కోసం వచ్చి, పనయ్యాక లేచిపోయేవాళ్ళ మకాం.' అంతే ఉంది సార్."

"అంతే ఉండాలి. ముప్ఫై ఏళ్ళుగా దీన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇవాళ దీని నకలు కోర్టుకి చేరాలి, సోమవారం విచారణ. సరిగ్గా ఇప్పుడే నీకు సైన్యాలు గుర్తొచ్చాయా?"

"కోర్టు అడిగింది ఆ మాటకి అర్థమే కదా సార్..."

"ఎందుకడిగిందో నాకు తెలీదా? క్వారీ పక్కన పాలెం అని పిలుచుకునే ఆ నలభై ఇళ్ళూ ఊరా, మకామా తేల్చడానికి. మకామైతే ఖాళీ చేయిస్తారు. ఎవరు రాయించారు నీతో ఇది?"

"ఎవరూ రాయించలేదు."

"గురువారం ఎక్కడికెళ్ళావు?"

"ఒంట్లో బాగోలేదు సార్. జ్వరం."

"జ్వరమొస్తే చెప్పుల నిండా రాతిపొడి పడుతుందా? నీళ్ళు నమలకు, చెప్పు."

"...వెళ్ళాను సార్. అక్కడికే."

"అనుకుంటూనే ఉన్నా. ఏం ఇచ్చారు నీకు?"

"మంచినీళ్ళు ఇచ్చారు."

"నాతోనా వేళాకోళం?"

"కాదు సార్. క్వారీ తరఫు లాయరు పోయిన వాయిదాకి మన నిఘంటువు తీసి చదివాడట. మా ఊరికి ఆ అర్థం ఎవరు చెప్పారమ్మా అని వాళ్ళు నన్నడిగారు. తల దించుకున్నాను."

"తల దించుకోవడం దేనికి? కార్డు వెనకాల రాసే ఉందిగా."

"ఉంది. 'మొదటి ఇంటి పెద్దాయన, రాళ్ళు కొట్టేవాడు. స్వయంగా అడిగి రాసుకున్నది.' కింద మీ సంతకం."

"మరింకేం? పనయ్యాక పోతామని వాళ్ళ మనిషే చెప్పాడు. నేను కల్పించానా?"

"తారీఖు చూశాను సార్. మంచి వానల్లో వెళ్ళారు. అప్పుడు వాగు మీద వంతెన లేదట."

"లేకపోతే? దిగి దాటాను. మోకాళ్ళ లోతు నీళ్ళు."

"వాగుకి ఇవతల ఒక టీకొట్టు ఉండేదట. ఆఫీసుల వాళ్ళు అక్కడే కూర్చుని, అవతల పెద్దవాళ్ళెవరో కనుక్కుని, అటునుంచటే పోయేవారట."

"అంటే? టీకొట్టులో కూర్చుని రాశానంటావా? నిన్నగాక మొన్న చేరి, నన్ను ఆరా తీస్తున్నావా?"

"నేనేమీ అనలేదు. మీరాయనతో మాట్లాడారా అని అడుగుతున్నాను."

"మాట్లాడాను."

"మీరే? ఎదురుగా కూర్చుని?"

"ఎన్నిసార్లు చెప్పాలి? అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు చెప్పాడు. చదువు లేకపోయినా తూకం వేసినట్టు మాట్లాడాడు. ఆ బొంగురు గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది."

"బొంగురు గొంతా సార్?"

"బొంగురే. కోర్టులో నిలబెట్టినా ఇదే చెప్తాను."

"సార్, కొంచెం ఆలోచించుకుని..."

"ఆలోచించేదేం లేదు. నకలు మీద కూడా సంతకం పెట్టేశాను. పొద్దున్నే పంపేశాను."

"పంపేశారా?"

"ఆ. నువ్వడ్డం పడతావని తెలిసే పంపాను. ఎందుకలా చూస్తున్నావు?"

"సోమవారం ఆ పెద్దాయన కూతురు కూడా వస్తోంది సార్, సాక్ష్యం చెప్పడానికి."

"రానీ. ఏం చెబుతుందట?"

"వాళ్ళ నాన్న పుట్టుమూగ అని."