బస్టాండు దాటని కొడుకు

చోడవరం బస్టాండు. ఊళ్లో శవాలు కాల్చే దాసు పోయి మూడు నెలలైంది. గాజువాక బస్సు దిగిన కొడుకు సూర్యతేజను ఇంటికి రమ్మని బతిమాలుతోంది తల్లి నూకరత్నం.

"రానంటే రానమ్మా. చెప్పాల్సిందేదో ఇక్కడే చెప్పు."

"ఇంతమందిలో ఏటి సెప్పీదిరా? నాలుగడుగులేస్తే ఇల్లు."

"అది ఇల్లా? శ్మశానం గేటు పక్కన కమిటీవోళ్ల గది. దాన్ని ఇల్లంటావేటి?"

"నువ్వు పుట్టింది అందులోనే గదా బాబూ."

"మెల్లగా, మెల్లగా మాట్లాడు. ఆ బండి దగ్గర టీ తాగుతన్నోడు మా షాపులోనే ఫోను కొన్నాడు."

"కొంటే?"

"మా నాన్న షుగర్ ఫ్యాక్టరీలో చేసేవాడని చెప్పేను అక్కడ."

"సెప్పీసేవా."

"చెప్పేను. చెప్పక? బళ్లో నా పక్కన ఎవడైనా కూర్చున్నాడా? దాహమేస్తే దోసిట్లో పైనుంచి పోసేవోరు. శవాలోడి గుంటడు, శవాలోడి గుంటడు. నాకో పేరుందని మేష్టారికీ తెలీదు."

"మీ అయ్యకి తెలుసురా. అందుకే నిన్ను ఒక్కనాడూ కాట్లోకి రానివ్వలేదు."

"మరి నువ్వేటి చేస్తన్నావు? కాగితం మీద సంతకం పెట్టమని పూటకోసారి ఫోను. నాన్న పని నా నెత్తిన పెట్టడానికే గదా?"

"అది కాదురా..."

"మరేటి? పని చేసే మనిషి లేకపోతే గది ఖాళీ చెయ్యమన్నారు. అవునా కాదా?"

"అన్నారు."

"చేసీండి. నిన్నూ చెల్లినీ గాజువాక తీసుకుపోతాను."

"మీ అయ్య దినాలప్పుడూ అదే మాట సెప్పేవు."

"గది దొరకొద్దా? ఇంటివోళ్లు పుట్టుపూర్వాలన్నీ అడుగుతన్నారు. ఎన్ని అబద్ధాలాడను? రోజా డిగ్రీ అయ్యేసరికి దొరుకుతాదిలే."

"డిగ్రీ..."

"ఏం? కాలేజీకెళ్తంది గదా?"

"అదిగో బస్సొచ్చింది. నీదేనేటో సూడు."

"మాట మార్చకమ్మా. చెల్లి కాలేజీకెళ్తందా, లేదా?"

"ఎండన పడి వచ్చేవు. ముందు సోడా తాగు బాబూ."

"సోడా వద్దు, ఏటీ వద్దు. ఆ కాగితం ఇలాగియ్యి, చింపీసి పోతాను. ఇంత చదువు చదివి నేను చితి పేర్చాలా? నా పీక కోసినా పేర్చను."

"సింపకురా. నిన్ను పేర్చమని ఎవరన్నారు? ఆడపిల్లకి పనివ్వాలంటే అన్న ఒప్పుకున్నట్టు సంతకం కావాలంట. నెల్లాళ్లయి ఊళ్లో ఎవరు పోయినా సితి పేరుస్తంది మన రోజాయేరా."