లిఫ్టులో చదివిన గొడుగు

బాబాయి నోరు తెరిచాడంటే టీకొట్టు అక్క స్టవ్వు కట్టేస్తుంది. ఆయన మొదలెట్టాక ఇంకో టీ అడిగేవాడూ ఉండడు, లేచి పోయేవాడూ ఉండడు, గ్యాసు దండగ అని ఆవిడ అనుభవం.

ఆదివారం పొద్దున టైర్ల షాపు పక్కనున్న ఆ కొట్టు ముందు బెంచీల మీద చేరేవాళ్ళందరిదీ ఒకటే పిచ్చి. కొత్తగా వచ్చిన నవలలు, బొమ్మల కథల పుస్తకాలు, కార్టూను సీరియళ్ళు. వారంలో ఎవరేం చదివారో, ఏం చూశారో వచ్చి చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి. తర్వాత అందరూ కలిసి పోట్లాడుకోవాలి. దీనికి సమీక్ష అని పెద్ద పేరు పెట్టుకున్నారు. నియమమంటూ ఒకటే. పుస్తకం రాసినవాళ్ళో గీసినవాళ్ళో ఎదురుగా ఉంటే, సమీక్ష అయ్యేదాకా వాళ్ళు నోరు మెదపకూడదు. చాన్నాళ్ళు ఈ నియమానికి పనే లేకపోయింది. బెంచీల మీద అందరూ చదివేవాళ్ళే తప్ప రాసిన పాపాన పోయినవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడు ఒకరున్నారు. పళ్ళమ్మాయి.

ఆ అమ్మాయి కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుంది. పొద్దస్తమానం మైనంతో పళ్ళు చెక్కి, అవి ఎవరి నోట్లో నవ్వుతాయో తెలియకుండానే పంపించేస్తుంది. సాయంత్రం ఇంటికెళ్ళి బొమ్మలు గీసుకుంటుంది. అలా గీసీ గీసీ ఒక పుస్తకమైంది. జనం పోగొట్టుకున్న సామాను దాచిపెట్టే కౌంటరులో ఒక గుమాస్తా. అతను ఉద్యోగంలో చేరిన రోజే ఎవరో మరిచిపోయిన నల్లగొడుగు కౌంటరుకి వస్తుంది. దానికోసం ఎవరూ రారు. గుమాస్తా మాత్రం రోజూ దాని దుమ్ము దులుపుతూ, వచ్చేవాళ్ళకోసం చూస్తూ చూస్తూ ముసలివాడైపోతాడు. అంతే కథ. మాటలు బాగా తక్కువ, వాన బాగా ఎక్కువ.

బొమ్మలన్నీ జిరాక్సు తీయించి, అమ్మా తనూ వంటగట్టు మీద పెట్టుకుని కుట్టి, బెంచీవాళ్ళకి తలా ఒకటి పంచింది. మర్నాడు పనికెళ్తూ బస్సులో తన కాపీ తిరగేస్తే అప్పుడు కనబడింది. మధ్యలో ఉండాల్సిన కాగితాల కట్ట వెనక్కీ, వెనక ఉండాల్సిన కట్ట మధ్యకీ వెళ్ళిపోయాయి. అన్ని కాపీలూ అంతే. కుర్ర గుమాస్తా పేజీ తిప్పేసరికి తల నెరిసి కనిపిస్తాడు, కాసేపటికి మళ్ళీ నల్లజుట్టుతో దిగబడతాడు, అట్టకి అంటించిన ఆఖరి పేజీలో మాత్రం ఉన్నట్టుండి నడుం వంగిన ముసలాడైపోతాడు.

సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఎవరో ఒకరు అడగకపోతారా, అప్పుడు చెప్పుకుందాంలే అనుకుంది. ఎవరూ అడగలేదు. కండక్టరు సూపరుగా ఉంది చెల్లీ అన్నాడు. డ్రిల్లు మాస్టారు వీపు తట్టారు. అక్క అట్ట మీది గొడుగు చూసి మురిసిపోయి, పుస్తకాన్ని బిస్కెట్ల సీసా పక్కన అందరికీ కనబడేలా నిలబెట్టింది. అందరూ బావుందన్నవాళ్ళే. ఆ జుట్టేమిటి అలా ఉందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చదివితే కదా అడగడానికి.

ఇంట్లో రెండో పుస్తకం సగం గీసి ఉంది. ఎవరూ చదవని పుస్తకానికి మళ్ళీ ఓ తమ్ముడెందుకని ఆ కాగితాలు చుట్టచుట్టి పక్కన పడేసింది. ఈ ఆదివారం గొడుగు పుస్తకం మీద బాబాయి సమీక్ష. అదొక్కటీ విని, ఇక గీయాలో మానాలో తేల్చేసుకుందామని వచ్చి బెంచీ చివర కూచుంది. పెద్దగా ఆశేమీ లేదు. పుస్తకం మొహం చూడకుండా గంటసేపు సమీక్ష చెప్పగలవాళ్ళలో బాబాయి తర్వాతే ఎవరైనా అని ఆ బెంచీల మీద అందరూ ఒప్పుకున్న మాట.

బాబాయి లిఫ్టు మెకానిక్. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట స్క్రూడ్రైవరు ఉంటుంది. ముందు కండక్టరు ఒక కొత్త కార్టూను సీరియలు గురించి చెప్పాడు. చీమలు ఓడ కట్టుకుని సముద్రం దాటడం. చీమలు బాగా నవ్వించాయిగాని సముద్రం గీసినవాడెవడో సముద్రం చూసినట్టు లేదన్నాడు. అదయ్యాక బాబాయి గొంతు సవరించుకున్నాడు. అక్క స్టవ్వు కట్టేసింది.

"నా సంగతి మీకు తెలిసిందేగా. చదువులో నేను మట్టిబుర్ర. చిన్నప్పుడు మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి దింపడం మరిచిపోయాడు, అప్పట్నించే నాకు ఎత్తులో పని అలవాటైంది. అంచేత నేను చెప్పేదాన్ని పెద్దగా పట్టించుకోకండి, జరిగింది జరిగినట్టు చెబుతా, అంతే. మొన్న ఆ ఆఫీసుల బిల్డింగులో లిఫ్టు పని ముగించి కిందికి దిగుతున్నా. కరెంటు పోయింది. ఐదుకీ నాలుక్కీ మధ్య ఇరుక్కున్నాం. నేనూ, ఓ ప్లీడరు గారూ, పన్ను పీకించుకోవడానికి బయల్దేరిన ఓ పెద్దాయన. ఊరికే ఒకళ్ళ మొహాలొకళ్ళం ఏం చూస్తామని, సంచిలోంచి మన అమ్మడి పుస్తకం తీశా."

చీకట్లో ఎలా చదివావు బాబాయ్ అన్నాడు కండక్టరు.

"బ్యాటరీ లైటు లేకుండా లిఫ్టు మెకానిక్కు ఉంటాడట్రా? నువ్వు టిక్కెట్లు లేకుండా బస్సెక్కుతావా? విను. మూడో పేజీకల్లా పెద్దాయన పంటినొప్పి పోయింది. పోయిందంటే పోయింది, ఆయన దవడ తడుముకుని ఏ పన్నో గుర్తుపట్టలేక గాభరా పడ్డాడు. ప్లీడరు గారు కోర్టులో నోరు తెరిస్తే జడ్జీ భోజనం మానుకోవలసిందేనట, అలాంటి మనిషికి నోట మాట లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటొచ్చింది. లిఫ్టు దిగింది, తలుపు తెరుచుకుంది. మేం దిగితేగా. బయట నుంచున్నవాళ్ళు ఇదేమిట్రా వీళ్ళు దిగరు, ఎక్కనివ్వరు అని తలలు పెట్టి చూశారు, చూసినవాళ్ళు చూసినట్టే లోపలికొచ్చేశారు. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో నలభై మంది. బరువెక్కువైతే అలారం మోగాలి కదా? మోగలేదు. మోగితే మా ధ్యాస చెదిరిపోతుందని అదీ నోరు మూసుకుంది."

డ్రిల్లు మాస్టారు అప్పటికే భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. పళ్ళమ్మాయి నవ్వలేదు. ప్లీడరు గురించి చెప్పాడు, పంటి గురించి చెప్పాడు, అలారం గురించి చెప్పాడు. పుస్తకం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. గాజుగ్లాసు అంచు వేలితో రుద్దుతూ కూచుంది.

లిఫ్టు మళ్ళీ పైకి బయల్దేరింది. పదో అంతస్తు, పదిహేనో అంతస్తు, ఆ బిల్డింగుకి ఉన్నవే పన్నెండని మాస్టారు గుర్తుచేస్తే, పుస్తకం రుచిలో పడి లెక్కపెట్టుకోలేదన్నాడు బాబాయి. డాబా మీది నీళ్ళ ట్యాంకు కిందైపోయింది. మరి తాడో అని కండక్టరు అడిగాడు. తాడు దాని బాధేదో అది పడింది, నేను పేజీలు తిప్పే పనిలో ఉన్నానన్నాడు.

"అక్కడ ఓ విమానం పోతోంది. పైలట్టు మమ్మల్ని చూసి జోరు తగ్గించి పక్కకొచ్చాడు. లోపల జనమంతా అద్దాలకి ముక్కులు ఆనించేశారు. పైలట్టు చేత్తో సైగ చేశాడు, ఏమయ్యా, కాస్త నిదానంగా తిప్పు, వెనక సీట్లవాళ్ళకి అందట్లేదు అని. ఓ గద్ద వచ్చి నా భుజం మీద వాలి, పుస్తకంలోకి మెడ పెట్టి కదలదు. రెక్క విదిలిస్తే పేజీ తిరిగిపోతుందని భయం దానికి. ఇంతలో నల్లటి మబ్బొకటి నీళ్ళు నింపుకుని మీదికొచ్చేసింది. నేను పుస్తకం చూపించి, తల్లీ, కాగితం తడుస్తుంది అన్నా. ఊపిరి బిగబట్టుకుని పక్కకి పోయి, ఎక్కడో కుమ్మరించింది. ఇంకో ఊళ్ళో మొన్న అకాల వర్షమని రేడియోలో చెప్పారుగా? అదే."

అక్క పమిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టైర్ల షాపు కుర్రాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. పళ్ళమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంది. బాబాయి ఆకాశంలోంచి దిగేలోపు మెల్లిగా లేచిపోదామనుకుంది.

అప్పుడు బాబాయి గొంతు తగ్గించాడు.

"సరిగ్గా అప్పుడొచ్చింది ఆ పేజీ. గుమాస్తాకి తల నెరిసిపోయింది. చేతిలో గుడ్డ, ముందు గొడుగు. అద్దం అవతల వాన. గొడుగు పిడి తుడుస్తున్నాడు. పిడి మీద రంగు పోయిన చోట వాడి బొటనవేలు ఎలా ఆనుతుందంటే, వాడిదే ఆ గొడుగు అన్నట్టు ఆనుతుంది. పేజీ తిప్పా. నల్లజుట్టు. కోరమీసం. అదే కౌంటరు, అదే గొడుగు, చొక్కా మాత్రం కొత్తది, మడతలు కూడా పోలేదు. విమానంలో జనం కిక్కురుమనలేదు. ప్లీడరు గారు అడిగాడు, ఇదేమిటయ్యా, ఏదో తేడా వచ్చినట్టుందే అని. తేడా కాదు ప్లీడరు గారూ, అన్నా. ముసలాడు తుడుస్తూ తుడుస్తూ గొడుగొచ్చిన రోజుల్లోకి వెళ్ళిపోయాడు. లోపల వాడికింకా నల్లజుట్టే. ఎదురుచూసేవాడికి వయసెక్కడిది? ఈ సంగతి ఒక్క అక్షరం రాయకుండా, పేజీ తిప్పించి చెప్పింది మా అమ్మాయి. నేను వెయ్యి పుస్తకాలు సమీక్షించా, పదివేలు సమీక్షించా, ఈ పని చేసినవాణ్ణి చూళ్ళేదు. అప్పుడు సూర్యుడున్నాడే, వాడు..."

"బాబాయ్" అంది పళ్ళమ్మాయి.

కండక్టరు వేలు పెదవుల మీద పెట్టుకుని నియమం గుర్తుచేశాడు. ఆ అమ్మాయి వినిపించుకోలేదు.

"అది నేను చేసింది కాదు బాబాయ్. పేజీలు తారుమారయ్యాయి. కుట్టేటప్పుడు మధ్యలో కట్ట తీసి వెనక పెట్టేశాను. అతనికి జుట్టు వరసగా నెరవాలి, అంతే. అతను ఏ పాత రోజుల్లోకీ వెళ్ళలేదు."

గద్ద ఎగిరిపోయింది, విమానం దాని దారిన అది పోయింది, బాబాయి లిఫ్టు ఒక్కో అంతస్తే దిగుతూ వచ్చి ఆయన్ని టీకొట్టు బెంచీ మీద దించేసింది. ఆయన మొహంలో అదంతా కనబడింది. సంచిలోంచి తన కాపీ తీసి, ఆ పేజీ ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. అలాంటి దృశ్యం అక్క కొట్టు పెట్టినప్పట్నించీ చూళ్ళేదు.

"నాకిచ్చినదాంట్లోనేనా ఆ తప్పు?" అన్నాడు చివరికి.

"అందరివాటిలోనూ."

బాబాయి ఒక్కొక్కరి వంకా చూశాడు. మాస్టారు తన బూట్ల లేసులు బిగుతుగానే ఉన్నా వంగి మళ్ళీ కట్టుకున్నారు. కండక్టరు తనూ గమనించానన్నాడు, గుమాస్తా మధ్యలో రంగేసుకున్నాడేమో అనుకున్నానన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి, ఇంటికెళ్ళగానే చదువుతాలే చెల్లీ అని తలొంచుకున్నాడు. అక్క చెయ్యి తుడుచుకుని, బిస్కెట్ల పక్కనుంచి పుస్తకం తీసి, మొదటిసారి దాని లోపలి పేజీ తెరిచింది.

పళ్ళమ్మాయి మాత్రం బాబాయినే చూస్తోంది. గొడుగు పిడి మీద రంగు పోయిన చోటు వేలిగోరంత కూడా ఉండదు. దాన్ని గీయడానికి ఆమెకి ఒక సాయంత్రం పట్టింది. గీశాక, ఇది ఎవరికి కనబడుతుందిలే అని తనే అనుకుంది. ఈయన తప్పు చదివాడు. కానీ చదివాడు. ఈ తప్పు చేయాలన్నా ప్రతి పేజీ దగ్గరా ఆగాలి.

సంచి మళ్ళీ కింద పెట్టి, లిఫ్టు నిజంగా ఇరుక్కుందా బాబాయ్ అని అడిగింది.

ఆయన స్క్రూడ్రైవరు జేబులోంచి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడ ఇరుక్కుందమ్మా. బాగానే నడిచింది. నేనే ఎక్కలేదు. పనైపోయాక మెట్ల మీద కూచుని చదివా. వాచ్‌మన్ వచ్చి ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు కూడా. ప్లీడరూ లేడు, ఎవరూ లేరు." మళ్ళీ తనే, "అయితే అది నీ గొప్ప కాదన్నమాట" అన్నాడు, పోగొట్టుకున్నది ఆమేనన్నంత బాధగా.

"మీదే అయ్యుంటుంది" అంది పళ్ళమ్మాయి.

బాబాయికి గొప్పలు తనే చెప్పుకోవడం అలవాటుగాని, ఇంకొకరు ఇస్తే పుచ్చుకోవడం కొత్త.

ఆ అమ్మాయి ఆయన పక్కకి జరిగింది. ఇంకోటి సగం గీసి పెట్టాననీ, ఈసారి కుట్టేముందు కాగితాలు ఆయన చేతికే ఇస్తాననీ, వరస సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టాలనీ చెప్పింది. ఆయన తలూపాడు. సరిగ్గా లేకపోయినా బాగుంటే అలాగే ఉంచెయ్యాలని షరతు పెట్టాడు. సరేనంది. ఈ గొడుగు పుస్తకం విప్పి మళ్ళీ కుట్టాలా అని ఆమె అడిగితే, తన కాపీ మాత్రం ఇవ్వనని గట్టిగా చెప్పాడు.

"అయినా అది రెండోసారి చదివేటప్పుడు బాగా నలిగింది లే" అన్నాడు.

"రెండోసారి చదివారా?"

"ఆఁ. ఆ మెట్ల మీదే."

ఎందుకని అడిగింది. బాబాయి రోడ్డు వైపు చూశాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"ఆఖర్న రిటైరై, గొడుగు చంకలో పెట్టుకుని, అంత వానలోనూ తెరవకుండా తడుస్తూ వెళ్ళిపోయాడు కదమ్మా. రెండోసారన్నా తెరుస్తాడేమోనని."