పన్నెండో బొమ్మ

బ్రాడీపేటలో ఒక మేడగది. తమ్ముడు బల్ల ముందు కూర్చుని ప్లాస్టిక్ సైనికుల చేతులు బ్లేడుతో కోస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“తుపాకులు బాగానే ఉన్నాయి కదరా, ఎందుకు కోస్తున్నావ్?”

“వాళ్లు తుపాకులతో రాలేదక్కా. రేకు కత్తిరించి వేటకొడవళ్లు అతికిస్తున్నా.”

“ఎవర్రా వాళ్లు?”

“నాన్నని నరికినోళ్లు. ఆదివారం బల్ల మీద ఆడే యుద్ధం ఆటలో మా ఫ్రెండు వీళ్లని నడుపుతాడు. ఒక్కొక్కణ్ణీ నేను చంపుతా.”

“ఈ బొమ్మల ఒళ్లంతా ఎర్రరంగేంటి?”

“రంగు కాదు, కారం. జిగురు మీద చల్లా. ముందు నాన్న కళ్లల్లో కారం కొట్టి, ఆ తర్వాతే కదా మెడ మీద వేటు వేశారు.”

“కేసులో పదకొండు మందే కదరా. ఇక్కడ పన్నెండున్నాయి. ఈ పొట్టోడి చేతిలో కొడవలి కూడా లేదు.”

“వాడికి కొడవలెందుకు? పెదనాన్న బయట నుంచి ‘చిన్నోడా’ అని పిలవగానే పరిగెత్తుకెళ్లి తలుపు గడియ తీసింది వాడే.”

“ఒరేయ్... అప్పుడు నీకు ఏడేళ్లురా!”

“అందుకే మోకాళ్ల దగ్గర కోసి పొట్టి చేశా. ఆదివారం ముందు చచ్చేది వాడే.”