నూలువాసి తేడా

నన్నేమీ అడక్కు అన్నట్టు అలా గోడకేసి చూస్తే ఎలా మామయ్యగారూ? ఇటు తిరగండి. నేనేం కరవను.

తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టారు, సరే. డ్రాయరు ఇరుక్కుంటే అంచు గీకారు, బాగుంది. నలభై ఏళ్ళ వడ్రంగం, నేను కాదన్నానా? కానీ కంప్యూటరులో పెట్టే మెమరీ పలకని ఆకురాయితో అరగదీయడమేమిటండీ! అదేమన్నా టేకు చెక్కా?

నేనేం చెప్పాను? "ఈ మదర్‌బోర్డు పాత రకం మెమరీకి చేసింది, నేను చూసుకోకుండా కొత్త రకం తెచ్చాను, ఇందులో పట్టదు, సాయంత్రం షాపులో మార్చుకొస్తాను" అన్నానా లేదా? మీరు తలూపారు కూడా. బట్టలు ఆరేసి వచ్చేసరికి ఇదీ వరస!

ఏమిటీ, పొడవు సరిపోయిందా? ఎందుకు సరిపోదూ! రెండు రకాలూ ఒకటే పొడవు. ఒకదాని చోట ఇంకోటి దూర్చకూడదనే కదా, తయారుచేసినవాళ్ళు అడుగున గాడి కాస్త జరిపి పెట్టారు! మీరేమో, పాపం ఎవరో పనిరాని కుర్రాళ్ళు, నూలువాసి కొలత తప్పారనుకుని సరిచేసిపెట్టారు. ఊరుకున్నారా? బొటనవేళ్ళతో నొక్కి, స్విచ్ కూడా వేశారు. ఎంత ఓపికండీ!

మెమరీ పోయింది. బోర్డూ పోయింది. ఇల్లంతా కాలిన వాసన. షాపతను ఆ అంచు మీద వేలు పెట్టి చూసి, "ఎవరు చేశారండీ, ఇంత నున్నగా?" అన్నాడు. పోనీ, మెచ్చుకున్నాడనుకోండి. మార్చనని మాత్రం చెప్పేశాడు.

సోమవారం నుంచి నా ఉద్యోగం. చిన్నది పుట్టాక ఇన్నాళ్ళకు దొరికింది, ఇంట్లో కూర్చుని చేసుకునేది. సొంత కంప్యూటరు ఉండాలి, అదొక్కటే షరతు. ఇప్పట్లో ఇంకోటి కొనే స్తోమత మనకెక్కడిది? ఏడుపొస్తోంది మామయ్యగారూ, నిజంగానే వస్తోంది.

అయ్యో, మీరెందుకు కళ్ళు తుడుచుకోవడం? మీరు ఏడిస్తే నేను తిట్టలేను. ఆ కాస్త సుఖమూ లేకుండా చేస్తారా?

మీ అబ్బాయి ఫోన్ చేశాడు. కిందటి నెల మీ వేలు తెగిందని రంపం, ఉలి, బాడిస అన్నీ మూటకట్టి అటకెక్కించాడు కదా. ఆ రోజు మీరు అన్నం ముట్టలేదు. నేను చూశాను.

కంప్యూటరు కాలిపోయిందంటే, "ఎలా?" అని అడిగాడు. నేనే అరగదీశానని చెప్పాను.

అలా చూస్తారేం? చెప్పాను. బుద్ధుందా అన్నాడు, చదువుకున్నదానివేనా అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. పడ్డాను. మీరని చెబితే మిగిలిన ఆ ఒక్క ఆకురాయీ అటకెక్కుతుంది. ఆ తర్వాత మీరు పొద్దస్తమానం ఈ కుర్చీలో కూర్చుని ఖాళీ చేతులు చూసుకుంటుంటే, నాకు చూడబుద్ధి కాదు.

ఉద్యోగమా? దానికేం లెండి, సోమవారం ఎవరో ఒకరు చేరతారు. వాళ్ళింట్లో వడ్రంగి లేకపోతే సరి.