వెనక కొస

రెండు వేల ఎనిమిది వేసవిలో ఒక సాయంత్రం, పోర్టు గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన క్రేను నడిపే మేనమామ. రెండోవాడు కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే మేనల్లుడు.

"టీ సల్లారిపోతంది. ఆపీసులో ఏటయింది అల్లుడూ?"

"ఒకే పెద్ద కంప్యూటర్లో పది కంపెనీల రికార్డులుంటాయి మావా. ఎవలి మెమరీ ఆలదే. ఎవలన్నా మెమరీలో ఒక సోటు అడ్రసు సెప్పి ఇక్కడ రాయమంటే, అది ఆల హద్దులో ఉందో లేదో మా ప్రోగ్రామే సూడాలి."

"సూడలేదేటి?"

"సూసింది. అడ్రసు హద్దులోనే ఉంది. అక్కణ్ణించి ఎంత పొడుగు రాత్తన్నారో సూడలేదు. ఆ రాత పక్క కంపెనీ మెమరీలోకి పోయి, ఆల రికార్డులు సెరిపేసింది."

"ఇనప దూలం ఎత్తినప్పుడు నాను ముందు కొస ఒక్కటే సూత్తానేట్రా? ఎనక కొస ఎవుడికి తగులుతాదోనని భయం. ఆ ప్రోగ్రాం ఎవులు రాసేరు?"

"సాయిదుర్గ అని కొత్తగా సేరిన పిల్ల. సూసి సరే అనాల్సింది నాను. ఇయ్యాల ఆ పిల్లని ఉద్యోగంలోంచి తీసేసారు."

"పొడుగు సంగతి ఆ పిల్లకి తట్టలేదా?"

"తట్టింది మావా. అది కూడా సూడాలా అని నాకు మెయిలు రాసింది."

"మరి నువ్వేటన్నావు?"

"ఆ మాట మెయిలు సివర్లో ఉంది. నాను మొదటి రెండు లైన్లు సదివి సరే అనేసాను. ఆ పిల్ల ఎల్లిపోయాకే మిగతాది సదివాను."