లిఫ్టంత ప్రశ్న

సాయంత్రంలోగా పరిశోధన ప్రశ్న రాసివ్వాలి. బట్టతల వస్తున్న ఆ పరిశోధక విద్యార్థి, గైడు మేడమ్ గదిలో హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఏం తెచ్చావు?"

"'మనిషి, సమాజం' మేడమ్."

"చెట్లూ జంతువులూ కూడా కలుపుకోకపోయావా?"

"మొదట్లో అవీ ఉండేవి మేడమ్. తగ్గించాను."

"ఇంకా తగ్గించు. సమాజంలో ఎవరు?"

"నగరంలో ఉండేవాళ్లు."

"వాళ్లందరినీ కలిసేసరికి నీకు పింఛను వయసొస్తుంది. ఎవరో కొందరిని చెప్పు."

"అపార్ట్‌మెంట్లలో వాళ్లు. ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోరని..."

"ఎక్కడ మాట్లాడుకోరు?"

"లిఫ్టులో."

"ఇప్పుడు దారికొచ్చావు. నువ్వు కళ్లారా చూసింది చెప్పు."

అతనూ మేడమూ ఉండేది ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే అంతస్తులో.

"మన లిఫ్టులోనే మేడమ్. గైడు కనబడగానే ఒకడు మోగని ఫోను తీసి చెవికి ఆనించుకుంటాడు."

"ఎందుకట?"

"టాపిక్ ఎంతవరకొచ్చిందని అడుగుతారేమోనని."

"దొరికింది, రాసుకో. తెలిసినవాళ్లు లిఫ్టులో ఒకరినొకరు ఎందుకు తప్పించుకుంటారు?"

"జవాబు కూడా రాసేయనా మేడమ్? వాడొట్టి పిరికి సన్నాసి. అంతే."

"ఒక్కణ్ణి చూసి తేల్చేస్తావా? రెండోవాళ్లని అడగవా?" మేడమ్ మోకాలు రుద్దుకుంది. "నేనీమధ్య మెట్లెందుకు ఎక్కుతున్నాననుకున్నావు?"

"ఆరోగ్యం కోసమని..."

"కాదు నాయనా. లిఫ్టులో నువ్వు 'మనిషి, సమాజం' చదివి వినిపిస్తావేమోనని!"